బాప్తిస్మం పుస్తకంలో తాతల ఊరు



బాలాపూర్ అనగానే హైదరాబాద్‌లో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది గణేశుడి లడ్డూ. 1994లో తొలిసారి వేలం వేసినప్పుడు అది 450 రూపాయలకు పోయింది. 2024లో 30 లక్షలు దాటింది. ఏ ఏడు ఎవరు పాడుకున్నారో, ఎంతకు పాడుకున్నారో పత్రికలు ఏటా మొదటి నుంచి జాబితా కట్టి అచ్చువేస్తాయి. ఊరు తన చరిత్రలో ఒక ముక్కనైనా ఇంత శ్రద్ధగా రాసిపెట్టుకోవడం మెచ్చుకోవాల్సిన సంగతే. అదే బాలాపూర్‌లో, ఆదివారం పూట ఏదో ఒక ప్రార్థనా మందిరం ముందు చెప్పులు విప్పుతున్న ఒక పెద్దమనిషిని ఆపి, "మీ ముత్తాత పేరేంటి? మీవాళ్లు అసలు ఏ ఊరివాళ్లు?" అని అడిగి చూడండి. తాత పేరు చెబుతాడు. ముత్తాత దగ్గరకు వచ్చేసరికి భార్య మొహం చూస్తాడు.

ఇది ఆయన తప్పు కాదు. భూమి ఉన్నవాళ్ల పేర్లు పట్టాల్లో ఉంటాయి. గుళ్లు కట్టించినవాళ్ల పేర్లు శాసనాల్లో ఉంటాయి. వెట్టి చేసినవాళ్ల పేర్లు ఎవరు రాశారు? మన ప్రాంతంలో క్రైస్తవ కుటుంబాల్లో ఎక్కువభాగం మాదిగ, మాల వాడల నుంచి వచ్చినవాళ్లే. ఆ వాడల్లో ఒక మనిషిని పేరుపెట్టి, తండ్రి పేరుతో సహా, ఊరుతో సహా కాగితం మీద మొదట రాసింది చాలాచోట్ల ఒక ఉపదేశి. రాసింది బాప్తిస్మం పుస్తకంలో. ఇవాళ నా ప్రసంగం ఆ పుస్తకం గురించి, దాని పక్కన పెట్టి చదవాల్సిన మిగతా కాగితాల గురించి, అసలు కాగితం మీదకే ఎక్కని జ్ఞాపకాల గురించి. క్రైస్తవులు కాని శ్రోతలు రేడియో కట్టేయకండి. ఇందులో సగం మీకూ పనికొస్తుంది.

ముందు మన ఇరుగుపొరుగును చూద్దాం. బాలాపూర్ పక్కనే బార్కస్ ఉంది. నిజాం సైన్యంలో కొలువుకు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల బస్తీ అది. చావుష్‌లని పిలిచే ఆ అరబ్బు కుటుంబాల్లో చాలామంది తమ తెగ పేరు, సముద్రం దాటి వచ్చిన తాత పేరు ఇప్పటికీ చెప్పుకుంటారు. కొంచెం ఇటు దిల్‌సుఖ్‌నగర్ వైపు వస్తే మూసారాంబాగ్. ఆ పేరు వెనక ఒక క్రైస్తవుడున్నాడు. మిషెల్ జొవాకిం మారీ రేమండ్. 1755లో ఫ్రాన్సులో పుట్టాడు, రెండో నిజాం అలీఖాన్ దగ్గర సేనాధిపతి అయ్యాడు, గన్‌ఫౌండ్రీలో ఫిరంగులు పోయించాడు. 1798 మార్చి 25న చనిపోతే మలక్‌పేటలోని ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద సమాధి చేసి నల్లరాతి స్తంభం నిలిపారు. జనం ఆయన్ను తమలో కలుపుకున్నారు. హిందువులు మూసా రామ్ అన్నారు, ముస్లింలు మూసా రహీం అన్నారు. చాలాకాలం ఆయన వర్ధంతికి ఉర్సు జరిగింది. తూర్పు హైదరాబాద్‌లో క్రైస్తవ చరిత్ర ఎక్కడ అని ఎవరైనా అడిగితే టక్కున చూపించేది ఈ సమాధినే. చూడదగ్గదే, పిల్లల్ని తీసుకెళ్లండి. కానీ మన బస్తీల్లో ఉన్న ఏలియాలకూ కృపమ్మలకూ రేమండ్‌తో చుట్టరికం లేదు. ఆయన పోయిన ఏడే అక్టోబరులో ఆయన పటాలాన్ని ఇంగ్లీషు రెసిడెంటు కర్క్‌పాట్రిక్ ఆయుధాలు దింపించి రద్దు చేశాడు. ఆ కథ అక్కడితో సరి.

మన కథ మొదలయ్యేది రోడ్ల దగ్గర.

ఎల్బీనగర్ చౌరస్తాలో ఒక పది నిమిషాలు నిలబడితే తెలుస్తుంది, ఈ తూర్పు హైదరాబాద్ ఎక్కడెక్కడి ఊళ్లతో నిండిందో. విజయవాడ హైవే మీద నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం, కోస్తా జిల్లాల బస్సులు వస్తాయి. సాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం, మాల్, దేవరకొండ. బాలాపూర్ అవతల శ్రీశైలం రోడ్డు ఎక్కితే కల్వకుర్తి, అచ్చంపేట. యాభై అరవై ఏళ్లుగా పని కోసం, పిల్లల చదువు కోసం జనం ఈ రోడ్ల మీదుగానే వచ్చారు. తట్టాబుట్టతో పాటు తమ సంఘాన్నీ తెచ్చుకున్నారు. అందుకే ఇక్కడ ఒకే గల్లీలో సీఎస్ఐ, బాప్టిస్టు, మెన్నొనైట్ బ్రదరెన్, లూథరన్, కతోలిక కుటుంబాలు పక్కపక్క గోడలతో ఉంటాయి. ఎందుకిలా అంటే దానికి ఒక కారణం ఉంది, మూలాలు వెతికేవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సింది దాన్నే.

పందొమ్మిదో శతాబ్దంలో, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇక్కడికి వచ్చిన ప్రొటెస్టెంటు మిషన్లు ఒకరి పొలంలో ఒకరు కాలు పెట్టకుండా ప్రాంతాలు పంచుకున్నాయి. ఈ తాలూకా మీది, ఆ తాలూకా మాది. కాబట్టి ఒక కుటుంబం ఏ శాఖలో ఉందన్నది వాళ్ల నమ్మకం కంటే ముందు వాళ్ల ఊరు తేల్చేసిన విషయం. మీ ఇంటి పాతఊరు పేరు చెబితే మీ ముత్తాతమ్మ ఏ మిషన్ చేతుల్లో బాప్తిస్మం తీసుకుందో చాలావరకు చెప్పొచ్చు. తిరగేసి, మీ సంఘం పేరు తెలిసి ఊరు మర్చిపోయిన ఇంట్లో, వెతకాల్సిన జిల్లా ఏదో ఆ సంఘమే చెబుతుంది.

నల్గొండ వైపు వాళ్లయితే అమెరికన్ బాప్టిస్టు మిషన్. హనుమకొండ కూడా వాళ్లదే. మెదక్, సిద్దిపేట, కరీంనగర్, నిజామాబాద్ అయితే ఇంగ్లండు నుంచి వచ్చిన వెస్లియన్ మెథడిస్టులు. మెదక్‌లో చార్లెస్ వాకర్ పాస్నెట్ 1914లో మొదలుపెట్టి కట్టించిన ఆ మహా దేవాలయం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది. కరువుకాలంలో పని చేసినవాళ్లకు తిండి పెట్టి కట్టించారని మెదక్ వైపు ప్రతి ఇంట్లో చెబుతారు. మీ తాతలు అక్కడ రాళ్లు మోశారని మీ ఇంట్లో అంటే దాన్ని కొట్టిపారేయకండి. వికారాబాద్, జహీరాబాద్, బీదర్ వైపు మళ్లీ మెథడిస్టులే, కాని వీళ్లు అమెరికా వాళ్లు, వెస్లియన్లతో కలపకూడదు. డోర్నకల్, ఖమ్మం వైపు ఆంగ్లికన్లు. అక్కడొక విశేషం ఉంది. డోర్నకల్ అడవి ప్రాంతానికి సువార్త తెచ్చింది తెల్లవాళ్లు కాదు, 1903లో తిరునల్వేలి తమిళ క్రైస్తవులు సొంత చందాలతో పెట్టుకున్న ఇండియన్ మిషనరీ సొసైటీ. ఆ తమిళుల్లోంచే వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొందాడు, డోర్నకల్ మొదటి బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆయనే తొలి భారతీయ బిషప్.

కోస్తా నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడ్డవాళ్లకు లెక్క వేరు. గుంటూరు అంటే లూథరన్, 1842లో అక్కడికి వచ్చిన ఫాదర్ హయ్యర్ నుంచి. ఒంగోలు, నెల్లూరు బాప్టిస్టులవి. బందరు ఆంగ్లికన్ల సీఎంఎస్ మిషన్‌ది. కాకినాడ కెనడా బాప్టిస్టులది. కడప, జమ్మలమడుగు లండన్ మిషన్‌వి. కతోలికులు మాత్రం ఈ పంపకాల్లో లేరు. వాళ్ల చరిత్ర ఇంకా పాతది, పద్దెనిమిదో శతాబ్దంలోనే ఫ్రెంచి జెసూట్‌ల కర్నాటక మిషన్ ద్వారా రెడ్డి, కమ్మ కుటుంబాలు కూడా అందులో చేరాయి. ఆ ఇళ్ల జ్ఞానస్నానాల పుస్తకాలు విచారణ గురువుల దగ్గర ఉంటాయి.

ఇంకో మాట. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది, మనం సీఎస్ఐ అంటున్నది అదే. వెస్లియన్లు, ఆంగ్లికన్లు, లండన్ మిషన్ వాళ్లు అందులో కలిశారు. బాప్టిస్టులు, లూథరన్లు, మెన్నొనైట్లు కలవలేదు. కాబట్టి మీరు సీఎస్ఐ వాళ్లయి, మీ నాయినమ్మ బాప్తిస్మం 1930ల నాటిదయితే, పుస్తకం మీద సీఎస్ఐ అని ఉండదు. పాత మిషన్ పేరే ఉంటుంది. కార్యాలయంలో సరిగ్గా ఆ పేరుతో అడగకపోతే "మా దగ్గర లేదు" అనే జవాబే వస్తుంది.

ఇప్పుడు బాలాపూర్‌కు అన్నిటికంటే దగ్గరగా నడిచిన మిషన్ దగ్గరకు వద్దాం. అటు మలక్‌పేటలో, ఇటు శంషాబాద్‌లో బంగళాలు వేసుకున్నది మెన్నొనైట్ బ్రదరెన్ వాళ్లు. వాళ్ల కథ నాకు చాలా ఇష్టం. జర్మన్ మాట్లాడే రైతులు. తరాల తరబడి రష్యా సామ్రాజ్యంలో, ఇప్పటి ఉక్రెయిన్ నేలలో వ్యవసాయం చేసుకున్నారు. ఆయుధం ముట్టకూడదన్నది వాళ్ల మత నియమం. సైన్యంలో చేరక తప్పదన్న పరిస్థితి వచ్చేసరికి 1870ల్లో వేలాదిమంది ఓడలెక్కి అమెరికాలో కాన్సస్ మైదానాలకు పోయారు. రష్యాలో మిగిలినవాళ్లలోంచి అబ్రహాం ఫ్రీజెన్ దంపతులు బయల్దేరి 1890లో నల్గొండ చేరారు, అమెరికన్ బాప్టిస్టుల కింద పనిచేశారు. అమెరికా వెళ్లినవాళ్లు 1899లో నికొలాయ్ హీబర్ట్ బృందాన్ని నేరుగా హైదరాబాద్ రాజ్యానికే పంపారు. ఇరవయ్యో శతాబ్దం మొదటి ఏళ్లలోనే మలక్‌పేటలో మిషన్ పడింది. తర్వాత నాగర్‌కర్నూల్, వనపర్తి, దేవరకొండ, కల్వకుర్తి, శంషాబాద్. పాలమూరు మొదట బాప్టిస్టులది, తర్వాత వీళ్ల చేతికి వచ్చింది. ఫిరంగులు పోసిన రేమండ్ సమాధి ఉన్న మలక్‌పేటలోనే, కత్తి పట్టబోమని ఖండాలు దాటిన ఈ జనం వచ్చి దిగారు. చరిత్ర ఇలాంటి పనులు చేస్తుంటుంది.

వీళ్లలో కతరీనా షెలెన్‌బర్గ్ అనే డాక్టరమ్మ ఉండేది. 1907లో వచ్చింది, 1945 జనవరి 1న శంషాబాద్‌లోనే కన్నుమూసింది. ఈ చుట్టుపక్కల పల్లెల్లో మొదట ఇంగ్లీషు మందు రుచి చూసిన తరంలో ఆమె చేతి మందు తాగినవాళ్లూ ఉన్నారు. అదే శంషాబాద్‌లో మిషనరీ కుటుంబంలో పుట్టిన పాల్ హీబర్ట్ పెద్దయ్యాక మానవశాస్త్రవేత్త అయి, పాలమూరు జిల్లా కొండూరు అనే ఊరి మీద పుస్తకం రాశాడు. 1971లో వచ్చింది. ఊళ్లో ఏ కులం ఎక్కడ ఉంటుంది, ఎవరు ఎవరికి ఏ పని చేస్తారు, కొలుపులు ఎట్లా జరుగుతాయి, అన్నీ అందులో ఉన్నాయి. మీవాళ్లు కల్వకుర్తి, అచ్చంపేట వైపు నుంచి వచ్చినవాళ్లయితే మీ తాత తిరిగిన లోకం ఎలా ఉండేదో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి పుస్తకం నాకు కనబడలేదు.

సరే, పుస్తకం దగ్గరకు పోదాం. బాప్తిస్మం పుస్తకం.

మా పాతఊరు నల్గొండ వైపు. అక్కడి సంఘంలో నేను చూసింది పొడుగాటి అచ్చు పుస్తకం, ఖాకీ గుడ్డ అట్ట, మూలలు చెదలు తిన్నవి. కలంపాళీతో రాసిన నల్లసిరా గోధుమరంగుకు తిరిగింది. పేజీ నిండా నిలువు గీతలు. వరుస సంఖ్య, తేదీ, పాతపేరు, కొత్తపేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, బాప్తిస్మం ఇచ్చినవారు. వరసగా చదువుతుంటే పోచయ్య పౌలు అయ్యాడు, ఎల్లయ్య ఏలియా అయ్యాడు, మల్లమ్మ మార్తమ్మ అయింది. కొందరికి కొత్తపేరు గడిలో ఏమీ లేదు, బాలయ్య బాలయ్యగానే మిగిలాడు. నాకు ఆ ఖాళీ గడులంటే ముచ్చట. పేరు మార్చుకోనన్న మనిషి ఒకడు అక్కడ నిలబడి ఉన్నాడు కదా! ఒకే తేదీ కింద పదిహేను, ఇరవై పేర్లు ఉంటాయి, ఒకే వాడవి. ఆ రోజు చెరువు దగ్గరకు వాడంతా కదిలిపోయిందన్నమాట. పక్కపక్క వరసల్లో ఉన్నవాళ్లు ఎవరికి ఎవరు ఏమవుతారో పుస్తకం చెప్పదు. దాన్ని చెప్పగలిగింది మా మేనత్త ఒక్కతే. నేను పేర్లు చదువుతుంటే ఆమె కళ్లు మూసుకుని, "వాడు మీ తాతకు సడ్డకుడు. గామె మా అత్త చెల్లె. గా ఇంటోళ్లు తర్వాత మళ్ల పోచమ్మ దిక్కే పోయిన్రు బిడ్డా" అంటూ ఒక్కొక్కరినే లేపి కూర్చోబెట్టింది.

ఈ పుస్తకాల్లో వయసును గుడ్డిగా నమ్మొద్దు. ఇరవై, ఇరవైఅయిదు, ముప్పై, నలభై. అన్నీ గుండు అంకెలే. చూసి అందాజుగా వేసినవి. దీనికి మందు మన ముసలివాళ్ల దగ్గరే ఉంది. వాళ్లు సంవత్సరాన్ని అంకెతో చెప్పరు, ఆపదతో చెబుతారు. "మూసీ పొంగిన ఏడు" అంటే 1908, సెప్టెంబరు నెలాఖరు. "ఊళ్లకు ఊళ్లు జరమొచ్చి పోయిన ఏడు" అంటే 1918 ఇన్‌ఫ్లుయెంజా కావచ్చు. "రజాకార్ల జమానా" అంటే 1947, 48. "పోలీస్ యాక్షన్ నాటికి నేను చంకలో పిల్లను" అంటే 1948 సెప్టెంబరు. ఇలా రెండు మూడు గుర్తులు దొరికితే పుస్తకంలో వయసును సరిదిద్దుకోవచ్చు.

ఇక్కడ ఒక గట్టిమాట చెప్పాలి. మిషన్ నివేదికలు చదివితే అన్నీ తెల్లదొరలు చేసినట్టే ఉంటాయి. దొర గుర్రమెక్కాడు, దొర ప్రసంగించాడు, ఇంతమంది మారారు. మీ కుటుంబ చరిత్రను ఆ నివేదికల నుంచి రాస్తే అది దొర చరిత్రే అవుతుంది. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్య అమెరికా దాకా మారుమోగింది, అక్కడి బాప్టిస్టు దొర జాన్ క్లౌ పేరు మోగింది. నీళ్లలో దిగి వాళ్లను ముంచింది మాత్రం ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరి తర్వాత ఇద్దరు చొప్పున మారుతూ. అంతకు పన్నెండేళ్ల ముందు ఆ ప్రాంతపు మాదిగల్లో ఈ కదలిక మొదలైంది కూడా దొర వెతికితే కాదు, తోళ్ల వ్యాపారం చేసే యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తనంతట తాను దొరను వెతుక్కుంటూ పోతే. పేరయ్య అంతకుముందే ఒక యోగి దగ్గర శిష్యరికం చేసినవాడు, దేవుణ్ణి గురించిన ఆరాటం ఆయన సొంతం. క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ ఇలాంటివాళ్ల జీవితకథలు వాళ్ల నోటే విని రాసి 1899లో పుస్తకంగా వేసింది. చెప్పులు కుట్టుకుంటూ చెప్పుకున్న కథలని ఆ పుస్తకానికి పేరు. మన వాడల మనుషులను మనుషులుగా పేరుపెట్టి రాసిన తొలి పుస్తకాల్లో అదొకటి.

మీ ఇంట్లో బైబిలు స్త్రీగా పనిచేసిన అవ్వ ఎవరైనా ఉన్నారా? తెల్లచీర కట్టుకుని, సంచి తగిలించుకుని ఊరూరా నడిచిన ఆడవాళ్లు. సంఘాలు నిలబడింది వాళ్ల కాళ్ల మీద. నివేదికల్లో వాళ్లు చాలాసార్లు ఒక అంకె మాత్రమే. "ఈ ఏడు బైబిలు స్త్రీలు ఇంతమంది" అని. మీ అవ్వ పేరు తెలిస్తే ఆ అంకెలో ఒకటి తగ్గించి పేరు రాయండి.

బాప్తిస్మం పుస్తకం మొదటి పేజీతో మన వంశం మొదలైందని అనుకునేవాళ్లున్నారు. "అంతకుముందు చీకటి" అనే మాట ప్రసంగాల్లోనూ వింటుంటాం. నాకు ఆ మాట పడదు. పుస్తకానికి ముందు కూడా మనకు చరిత్ర చెప్పేవాళ్లున్నారు. మాదిగలకు డక్కలివాళ్లు, చిందువాళ్లు ఉన్నారు. డక్కలివాళ్లు పటం విప్పి జాంబ పురాణం చెబుతారు, ఇంటిపేర్లు, గోత్రాలు ఒప్పజెబుతారు. తండ్రి నుంచి కొడుక్కి నోటితోనే దిగుతూ వచ్చిన వంశవృక్షం అది. క్రైస్తవులమయ్యాక చాలా ఇళ్లు వాళ్లకు త్యాగం, అంటే ఆనవాయితీగా ఇచ్చే వాటా, ఇవ్వడం మానేశాయి, వాళ్లూ గుమ్మం తొక్కడం మానేశారు. మతపరంగా ఎవరి నిర్ణయం వాళ్లది. చరిత్ర కోసమైనా ఒక్కసారి వాళ్లను కూర్చోబెట్టి వినండి. మీ ఇంటిపేరు చెబితే మీకంటే నాలుగు తరాలు వెనక్కు పోగలిగిన మనిషి ఎక్కడో ఉండొచ్చు.

తర్వాత సర్కారు కాగితాలు. నిజాం కాలంలో బాలాపూర్, సరూర్‌నగర్ వైపు పల్లెలు అత్రాఫ్-ఎ-బల్దా అనే జిల్లాలో ఉండేవి. ఆ జిల్లా సర్ఫ్-ఎ-ఖాస్, అంటే నిజాం సొంత ఆస్తి. 1949లో అది ప్రభుత్వంలో కలిసింది. 1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడింది, 2016లో బాలాపూర్ మండలమైంది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, కాగితం వెతకాలంటే ఆ ఊరు ఆనాడు ఏ పేరున్న జిల్లాలో ఉందో తెలియాలి. వాడలవాళ్లకు భూమి లేదంటాం కానీ ఊరి చాకిరీ చేసినందుకు బేగరి, నీరడి ఈనాములుండేవి, ఎకరమో అరెకరమో. ఈ చుట్టుపక్కల బేగరి అనే ఇంటిపేరు ఎన్ని ఇళ్లకుందో మీకే తెలుసు. సేత్వార్ అనే పాత భూమి రికార్డులోనూ, 1954-55 ఖాస్రా పహాణీలోనూ ఆ ఈనాముల పక్కన పేర్లుంటాయి. అక్కడ ఎల్లయ్య ఉంటే, బాప్తిస్మం పుస్తకంలో ఎల్లయ్య ఏలియా అయి ఉంటే, రెండూ కలిసినచోట మీ తాత దొరికినట్టే. ఇంకా పాతవి కావాలంటే తార్నాకలో రాష్ట్ర అభిలేఖాగారం ఉంది. ఉర్దూ, ఫారసీ చదివేవాళ్లు తోడు కావాలి. బార్కస్ దగ్గరే ఉందిగా, ఉర్దూ చదివే పెద్దమనిషిని అడిగితే కాదనడు.

ఇళ్లల్లో ఎక్కువగా మాట్లాడుకోని విషయం ఇంకొకటి ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా హిందువులకే అన్నారు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు కలిపారు. క్రైస్తవులను కలపలేదు. మన రాష్ట్రాల్లో ఆ కులాల నుంచి క్రైస్తవులైనవాళ్లను బీసీ-సీ కింద పెట్టారు, ఒక్క శాతం. దీని మీద దశాబ్దాలుగా వాదాలు నడుస్తున్నాయి. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మతంతో ముడి తీసేయమంది. 2022లో కేంద్రం జస్టిస్ బాలకృష్ణన్ అధ్యక్షతన మరో కమిషన్ వేసింది. న్యాయం ఎటున్నదన్నది వేరే ప్రసంగం. నా అభిప్రాయం అడిగితే, గుడి మారినంత మాత్రాన వాడ మారలేదని అంటాను. మూలాలు వెతికేవాళ్లకు దీనివల్ల వచ్చే చిక్కు ఏమిటంటే, హోదా పోకూడదని ఒకే మనిషికి సంఘంలో ఒక పేరు, బడిలో ఒక పేరు ఉండటం. అందువల్ల మీ జాబితాలో ప్రతి మనిషికీ పేర్ల కోసం ఒక గడి సరిపోదు. ఇంట్లో పిలిచిన పేరు, సంఘం పేరు, సర్టిఫికెట్ పేరు, మూడూ రాయండి. ఏదీ కొట్టేయకండి.

విదేశీ దస్తావేజుల గురించి క్లుప్తంగా. వెస్లియన్ మిషన్ ఉత్తరాలు, నివేదికలు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. మెన్నొనైట్ బ్రదరెన్ మిషన్ కాగితాలు కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో, అమెరికన్ బాప్టిస్టులవి అట్లాంటాలో. మీ పిల్లలు ఆ దేశాల్లో ఉంటే ఒకసారి పంపండి. ఫొటోలు దొరుకుతాయి, ఊరి వర్ణనలు దొరుకుతాయి. తాత పేరు దొరకడం మాత్రం అరుదు. అది దొరికేది ఇక్కడే, పాతఊరి దేవాలయం బీరువాలో.

ఆ బీరువాల పరిస్థితే నా దిగులు. ఒకచోట నన్ను పుస్తకాల గదిలోకి తీసుకెళ్తే, 1950కి ముందువి ఏవీ లేవు. సున్నాలు వేసినప్పుడు బయటపెట్టారట, వాన పడిందట. సంఘం పేరు చెప్పను, ఇలాంటివి ఇంకా చాలా ఉంటాయి. అరవై ఏళ్ల సంఘపెద్దలు, ఊరు ఖాళీ అయి పట్నం చేరిన విశ్వాసులు, తాళం ఒకరి దగ్గర, పుస్తకం ఒకరి ఇంట్లో. పెళ్లిళ్ల పుస్తకాలకు 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం దన్ను ఉంది, నకళ్లు ప్రభుత్వానికి పోతాయి. బాప్తిస్మం పుస్తకానికి ఆ దన్ను లేదు. పోతే పోయినట్టే.

ఇంట్లో ఉన్నవి కూడా చూసుకోండి. పాత బైబిలు మొదటి తెల్లకాగితం మీద పుట్టినరోజులు రాసే అలవాటు మనవాళ్లకు ఉంది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో మీ అవ్వ ఏ కీర్తన దగ్గర మడత పెట్టుకుందో, పక్కన ఎవరి పెళ్లి తేదీ రాసుకుందో చూడండి. ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటకు వెళ్లినప్పుడు కొవ్వొత్తి వెలిగించి వచ్చేయకుండా రాళ్ల మీది పేర్లు ఫొటో తీయండి. హైదరాబాద్‌లో స్థలం లేక పాత సమాధుల్లోనే మళ్లీ పూడుస్తున్నారు. ఇవాళ ఉన్న రాయి వచ్చే ఈస్టర్‌కు ఉంటుందన్న భరోసా లేదు.

పాస్టరు గార్లకు, సంఘపెద్దలకు నాదొక విన్నపం. మీ బీరువాలో ఉన్న పాత పుస్తకాన్ని ఈ నెలలోనే కిందికి దించండి. మీ సంఘంలో ఫోను బాగా వాడే పిల్లలు పదిమంది ఉంటారు, పేజీ పేజీ ఫొటో తీయించండి. ఒక నకలు సంఘంలో, ఒకటి డయాసిస్ లేదా కన్వెన్షన్ కార్యాలయంలో ఉంచండి. పుస్తకం ఇంటికి పట్టుకెళ్లినవాళ్లు దయచేసి తెచ్చి ఇవ్వండి. బాలాపూర్‌లో, మీర్‌పేటలో, ఎల్బీనగర్‌లో ఉంటున్న పిల్లలకు కూడా ఒక మాట. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక మీ నాయినమ్మ పక్కన కూర్చుని ఫోనులో రికార్డింగు నొక్కి, ఆమె పుట్టిన ఊరు, ఆమె అత్తగారి పేరు, ఆ ఊళ్లో చెరువు పేరు అడగండి. ముందు ఈ మూడు చాలు.